ఉచితంగా మాట్లాడుకోవచ్చు

మార్చి 3, సోమవారం

ఉచితం అనే మాటకి నిఘంటువులో అర్థం మార్చాలి. ఈరోజు ఉచితంగా దొరికేవాటితో కుస్తీ పట్టి, ఉన్న ఓపికంతా ఊడ్చిపెట్టుకుని ఈ డైరీ తీశాను.

కావలసింది ఏమంత గొప్ప విషయం కాదు. మా ఆయనకి గొంతు ఆపరేషన్ అయి ఏడు వారాలైంది. మాట నేర్పే టీచరమ్మ ఆస్పత్రిలో ఉంటుంది. ఆస్పత్రి బస్సులో మూడు గంటల దూరం. ఈ ఒంటితో తిరగొద్దని, మంగళ శుక్రవారాల్లో పదకొండు గంటలకి వీడియోలోనే పాఠం చెబుతానంది. ఫోన్ సరిపోదా అని అడిగాను.

"ఫోన్‌లో నా పెదాలు కందిగింజంత కనిపిస్తాయమ్మా. నా నాలుక ఎక్కడ ఆనిస్తున్నానో ఆయన చూడాలి, ఆయన మెడ నేను చూడాలి. ఇంట్లో కంప్యూటర్ ఉందన్నారుగా, అది పెట్టండి."

ఉంది. హాల్లో కిటికీ పక్కన, ఇస్త్రీ బట్టలు పెట్టుకోవడానికి ఉంది. స్విచ్ వేసి స్నానం చేసి వచ్చినా ఇంకా ఆలోచిస్తూనే ఉంటుంది.

మరిదిని పిలిచాను. ఎలక్ట్రికల్ షాపులో అమ్మకాలు చూస్తాడు. తెలియనిదంటూ లేని మనిషి కాబట్టి నా లెక్కలో అతను సర్వజ్ఞుడు. వస్తూనే చొక్కా చేతులు మడిచాడు.

"ఈ రోజుల్లో సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ళు ఎవరున్నారు వదినా? అన్నీ ఫ్రీ. నాకొదిలెయ్."

వదిలేశాను. అదే పొరపాటు. ఇంటర్నెట్ చూసుకోవడానికి ఒక బ్రౌజరు, ఉత్తరాలకి ఒకటి, వీడియోకి పచ్చ గుర్తుది ఒకటి పెట్టాడు. వాటి వెనకాలే వాతావరణం చెప్పే చిలక, చేపల ఆట, పది నిమిషాలకోసారి "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది" అని ఎర్రగా అరిచేది దిగబడ్డాయి.

"ఇవి ఎవరడిగారయ్యా?"

"అడక్కుండానే ఇస్తారు వదినా. ఫ్రీ కదా."

అడక్కుండా ఇచ్చేవి సలహాలొక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే దాన్ని, చదవకుండా "అంగీకరిస్తున్నాను" ఎలా నొక్కను? నలభై ఒక్క పేజీలు చదివాను. తెలుగులోనే ఉంది, కానీ తెలుగు కాదు. పదిహేడు తప్పులు దొరికాయి. ఆయన కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నారు. ఒకసారి నవ్వారనుకుంటాను.

రేపు మొదటి పాఠం.

మార్చి 4, మంగళవారం

టీచరమ్మ కనిపించింది. వినిపించింది. చక్కగా "ఆ" అని నోరు తెరిచి చూపించింది. ఆయనా తెరిచారు.

"వినిపించడం లేదండీ. మళ్ళీ అనండి."

మళ్ళీ.

"పెదాలు కదులుతున్నాయి, శబ్దం రావట్లేదు. మైకు సంగతి చూడండి."

వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నొక్కగలిగినవన్నీ నొక్కాను. తీగ పీకి మళ్ళీ గుచ్చాను. నలభై నిమిషాలు ఇలాగే గడిచిపోయాయి. చివరికి టీచరమ్మే, "సాఫ్ట్‌వేర్ మార్చి చూడండమ్మా," అంది.

సాఫ్ట్‌వేరే. ఆ పచ్చదాని మొహం చూస్తేనే అనుకున్నాను.

మార్చి 5, బుధవారం

పచ్చదాన్ని తీసేశాను. తీసేస్తే పోలేదు. "మమ్మల్ని ఎందుకు వదిలి వెళ్తున్నారు?" అని అడిగింది. దానికి ఐదు కారణాల్లో ఒకటి ఎంచుకోవాలట. పెళ్ళి చూపుల్లో కూడా నన్నెవరూ ఇంత అడగలేదు.

చేపల ఆట ఇంకా ఉంది.

మార్చి 7, శుక్రవారం

ఈసారి నీలం గుర్తుది. ఇది మంచిదని సర్వజ్ఞుడి షాపులో ఎవరో చెప్పారట. ఖాతా తెరవాలి. దానికి ఈమెయిల్ కావాలి. ఈమెయిల్‌కి రహస్యపదం కావాలి. ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక చిత్రమైన గుర్తు. అన్నీ పెట్టాక తెర మీద:

"మీరు విఫలమయ్యారు. దయచేసి మళ్ళీ విఫలం కావద్దు."

ఎవరు రాశారో ఈ వాక్యం! దొరికితే ఎర్ర కలంతో వీపు మీద దిద్దేదాన్ని.

పదకొండుకి ఎలాగో కలిపాను. టీచరమ్మ మాట గంటలా వినిపించింది. ఆయనది వినిపించలేదు. ఆయన నా వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తి చూపించారు, నేనేం చేయను అన్నట్టు. పాఠం అయ్యాక బాల్కనీలోకెళ్ళి మొక్కలకి నీళ్ళు పోశారు. ఆ నీళ్ళు పోయడంలో ఒక హుషారు కనబడింది. ఇక్కడ నేను జుట్టు పీక్కుంటుంటే ఈయనకి హుషారేమిటో.

పలక కొనిచ్చి నెలన్నరైంది. ఇంతవరకు దాని మీద రాసినవి నాలుగు మాటలు. టీ. వద్దు. నిద్ర. ఫ్యాను.

మార్చి 8, శనివారం

సెలవు. బట్టలు ఇస్త్రీ చేశాను. ఇప్పుడు పెట్టుకోవడానికి చోటు లేదు, అక్కడ కంప్యూటర్ పనిచేస్తోంది కాబట్టి.

ఇరవై ఆరేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చున్నారు ఆయన. ఏ బస్సు ఎక్కడ నిలబడిందో, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఆఫీసు గదిలో ఏడుస్తున్నాడో ఆ గొంతే చెప్పేది. మేం ఏదన్నా దుకాణానికి వెళ్ళి ఆయన "ఇదెంతండీ" అంటే చాలు, పక్కనున్నవాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. ఎక్కడో విన్నాం, ఎక్కడో విన్నాం అని తల గోక్కునేవాళ్ళు. ఇంట్లో మేం పోట్లాడుకుంటే ఏ విషయం మీదో పక్క వాటాల వాళ్ళకి పూర్తిగా తెలిసేది. నా వైపు వాదన మాత్రం ఎవరికీ తెలిసేది కాదు.

డాక్టరు చెప్పింది ఇంతే: ప్రాణం దక్కింది. కొత్త గొంతు వస్తుంది, పాతది కాదు. అది కూడా ఆపరేషనైన మూడు నెలల్లోపు సాధన చేస్తేనే వస్తుంది, ఆ తర్వాత కష్టం.

రెండు నెలలు కావస్తోంది. అందుకే ఈ దిక్కుమాలిన సాఫ్ట్‌వేర్ సంగతి త్వరగా తేలాలి. మిగతాదంతా అదే సర్దుకుంటుంది.

మార్చి 10, సోమవారం

ప్రెస్సులో కంపోజింగ్ చేసే అమ్మాయి కూర్చోబెట్టి చెప్పింది. "మేడం, మీ కంప్యూటర్ ముసలిది. దాని మీద ఏనుగుల్ని ఎక్కిస్తే ఎలా నడుస్తుంది? తేలికైనవి పెట్టుకోవాలి." ఒక చిన్న బ్రౌజరు చెప్పింది, చిలకా చేపలూ లేనిది. ఆ నీలందే పాత రకం, బరువు తక్కువది, ఎక్కడ దొరుకుతుందో కూడా రాసిచ్చింది. ఉచితంగా ఇచ్చేవాళ్ళలో రెండు రకాలున్నారట. మనకిచ్చి మన గురించి తెలుసుకుని అమ్ముకునేవాళ్ళు ఒకరు. చేసిన పని నలుగురికీ పనికొస్తే చాలనుకునేవాళ్ళు ఇంకొకరు. రెండో రకం వాళ్ళు తక్కువ, వాళ్ళ బొమ్మలు కూడా అంత అందంగా ఉండవు అంది. మనుషుల సంగతీ అంతే.

సాయంత్రం ఇంటికొచ్చి, చేపల ఆట తీసేసి, అవే పెట్టాను. దాంట్లోనే ఆ అమ్మాయికి కాల్ చేసి చూశాను. నా మాట అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తోందంది. హమ్మయ్య.

మార్చి 11, మంగళవారం

వినిపించలేదు.

నాది వినిపిస్తుంది, ఆయనది వినిపించదు! కంప్యూటర్లకి కూడా పక్షపాతమా? సర్వజ్ఞుడికి ఫోన్ చేస్తే, "వదినా, నువ్వు ఎవరెవరి మాటో విని ఏవేవో పెట్టావు. పచ్చదే ఉంచాల్సింది," అన్నాడు. ఫోన్ పెట్టేశాను. మళ్ళీ చేశాడు. "మైకు పాడై ఉంటుంది. మా షాపులో..." మళ్ళీ పెట్టేశాను.

మార్చి 12, బుధవారం

మైకే అయి ఉంటుంది.

మార్చి 14, శుక్రవారం

మైకు కాదు.

పదకొండుంబావుకి గోరువెచ్చని నీళ్ళు పట్టుకెళ్ళాను. నేను వెనక నుంచి వస్తున్నట్టు ఆయన చూడలేదు. తెర మీద టీచరమ్మ "ఈ" అంటోంది. ఆయన నోరు బారెడు తెరిచి, మెడ నరాలు బిగించి, "ఈ" అంటున్నట్టు పెడుతున్నారు. తెర కింద మైకు బొమ్మ మీద ఎర్ర గీత ఉంది, అంటే మైకు ఆపేసి ఉంది. ఆయన వేలు మౌసు మీద ఉంది.

నీళ్ళు బల్ల మీద పెట్టి వచ్చేశాను. పొరపాటున నొక్కి ఉంటారు.

కొత్తది కదా, అలవాటు లేక నొక్కి ఉంటారు.

ఇంకో సంగతి. వంటింటికీ హాలుకీ మధ్య ఒక్క గోడ. తలుపు తీసే ఉంటుంది. మూడు గంటల దూరంలో ఉన్నావిడకి ఆయన శబ్దం వినిపించడం లేదని పది రోజులుగా నేను నానా హైరానా పడ్డాను. గోడ పక్కనున్న నాకు వినిపించిందా? ఒక్కసారైనా? ఈ ప్రశ్న నాకెందుకు తట్టలేదు?

పొరపాటు కాదు.

మార్చి 15, శనివారం

పోట్లాడాను. నోరు మెదపని మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో పగవాళ్ళకి కూడా తెలియకూడదు. మన గొంతు మనకే తిరిగొస్తుంది.

"ఎవరి కోసం ఈ నాటకం? ఆవిడ ఎదురుగా పెదాలాడించి, నా చేత ఊరూ వాడా అడిగించి, మూడు మూడు సాఫ్ట్‌వేర్లు మార్పించి... నేను పిచ్చిదాన్లా కనబడుతున్నానా మీకు?"

ఆయన తల వంచుకుని కూర్చున్నారు.

"నెల్లో గడువు అయిపోతుంది. డాక్టరు చెప్పింది విన్నారుగా. మాట్లాడాలని లేదా? చెప్పండి. లేకపోతే లేదని చెప్పండి!"

చెప్పండి అని అరుస్తున్నాను, చూడు, ఎవరితో.

పలక తీసుకుని ఒక ముక్క రాశారు. నేను వంగి చూసేలోపు అరచేత్తో తుడిచేశారు. కానీ చెరిపేసిన అక్షరాలు చదవడమే కదా నా వృత్తి.

"నువ్వు వింటావు."

మార్చి 16, ఆదివారం

పొద్దున ఈ డైరీలో వెనక్కి వెళ్ళాను. జనవరి 21. "ఈరోజు ఏమీ జరగలేదు" అని రాసి ఉంది. నా రాతే.

జరిగింది ఇది. ఆస్పత్రిలో ఆ రోజు గొంతులో గొట్టం తీశారు. నర్సు బయటికి వెళ్ళింది. ఆయన నా వైపు తిరిగి నన్ను పిలిచారు. పిలిచారు అని ఇప్పుడు రాస్తున్నాను, అప్పుడది పిలుపులా లేదు. రేకు మీద మేకుతో గీకినట్టు వచ్చింది. మనిషి నోట్లోంచి వచ్చేదనిపించలేదు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. కావాలని కాదు, కాలు దానంతటదే పోయింది. మొహం ఎలా పెట్టానో నాకు తెలియదు, అద్దం లేదు. ఆయనకి తెలుసు.

ఆ తర్వాత ఆయన నోట శబ్దం రాలేదు.

అది రాయకుండా ఏమీ జరగలేదని రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరికి అబద్ధం చెప్పానో!

మార్చి 17, సోమవారం

కంపోజింగ్ అమ్మాయిని అడిగాను, రాసి పంపుకునేది ఏదైనా ఉందా, మొహం కనబడనిది, మాట వినబడనిది అని. "ఉంది మేడం, ఎవరూ వాడరు. అక్షరాలు తప్ప ఇంకేం ఉండదు," అంది. పది నిమిషాల్లో పెట్టేసింది. ప్రెస్సు కంప్యూటర్‌లో ఒకటి, ఇంట్లో ఒకటి. రెండోది నేను వెళ్ళి పెట్టాను. ఒక్క అంగీకారం కూడా అడగలేదు.

ఎలా వాడాలో ఆయనకి చూపించాను. చూశారు.

మార్చి 18, మంగళవారం

పదకొండింటికి పాఠం మొదలుపెట్టి, చెప్పులేసుకున్నాను. "బజారుకెళ్తున్నా, గంట పడుతుంది," అన్నాను. ఆయన చూసిన చూపుకి బదులివ్వకుండా వీధిలోకి వచ్చేశాను. కొనాల్సినవేం లేవు. మందుల షాపు నుంచి పోస్టాఫీసు దాకా, పోస్టాఫీసు నుంచి మందుల షాపు దాకా నడిచాను. షాపాయన రెండోసారి, "ఏదైనా మర్చిపోయారా అమ్మా?" అన్నాడు.

పన్నెండింటికి టీచరమ్మ ఫోన్ చేసింది. "ఈరోజు వినిపించిందమ్మా. బాగానే వస్తోంది. ఏం మార్చారు?"

"సాఫ్ట్‌వేర్," అన్నాను.

"ఏం అన్నారు ఆయన?" అని అడగబోయి ఊరుకున్నాను. మూడు గంటల దూరంలో ఉన్నావిడ విన్నది, ఇంట్లో ఉన్న నేను వినకూడదు. బాగుంది నా సంసారం.

మధ్యాహ్నం ప్రెస్సు నుంచి "ఉన్నారా?" అని పంపాను. జవాబు లేదు.

మార్చి 19, బుధవారం

"ఉన్నారా?" అని మళ్ళీ పంపాను.

"లేను. షికారుకెళ్ళాను."

నమ్మలేక రెండుసార్లు చదివాను. వెంటనే ఇంకొకటి వచ్చింది.

"పాలు వీరిగాయి."

"విరిగాయి," అని పంపాను. చెయ్యి ఊరుకోదు కదా.

అంతే, మొదలైంది. ఇరవై ఆరేళ్ళు మాట్లాడాను తప్ప రాయలేదు అన్నారు. దిద్దితే ఇది కూడా మానేస్తానన్నారు. మానేయండి, నాకేం అన్నాను. నాకేం అని నువ్వు అన్నప్పుడల్లా నీకేదో ఉంటుంది అన్నారు. కిటికీ మూసేసి వెళ్ళానని, తమ్ముణ్ణి నెత్తికెక్కించుకున్నానని, ఆ చేపల ఆట ఎందుకు తీసేశానని, అందులో ఆయన నాలుగో మెట్టు దాకా ఆడేశారని, ఒక్క వేలుతో కొడుతూ పదకొండు వరసలు తిట్టారు. నేనూ ఊరుకోలేదు. నా బల్ల మీద ప్రూఫులు గుట్టగా పడి ఉన్నాయి.

"ఏంటి మేడం, నవ్వుతున్నారు?" అంది కంపోజింగ్ అమ్మాయి.

"మా ఆయన తిడుతున్నారు."

మార్చి 20, గురువారం

ఈరోజు ఆయనే ముందు రాశారు. తప్పుల్ని ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

"ఆస్పత్రిలో నీ మొహం చూశాను."

"తెలుసు."

"బయపడ్డావు."

లేదు అని కొట్టి చెరిపాను. కొంచెం అని కొట్టి చెరిపాను.

"అవును," అని పంపాను.

"ఇప్పుడు?"

"ఇప్పుడూ భయమే."

ఒక ప్రూఫు దగ్గరికి లాక్కుని ఒకే వరస మూడుసార్లు చదివాను. మళ్ళీ ఉన్నారా అని అడగడానికి చెయ్యి రాలేదు. అప్పుడు వచ్చింది.

"నాకూ. ఆ గొంతు నాదని నాకే అనిపించదు. రాత్రి కలలో పాతదే వస్తది."

ఆ ప్రూఫు పక్కకి తోసేశాను.

"రేపు బజారుకి పోకు," అని వచ్చింది. "ఎండలో తిరగడం దేనికి. వంటింట్లో ఉండు. తలుపు వేసుకో."

"గడియ కూడా పెట్టుకోనా?"

"పెట్టుకో."

మార్చి 21, శుక్రవారం

తలుపు వేసుకున్నాను. గడియ పెట్టలేదు. పీట మీద కూర్చుని మోకాళ్ళు పట్టుకున్నాను. కాలు దానంతటదే వెనక్కి పోతుందేమోనని.

మొదట టీచరమ్మ గొంతు. తర్వాత అది.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. బాగాలేదు. రేకు మీద గీకినట్టు లేదు, అంతకంటే మెత్తబడింది. బరువైన బీరువాని నేల మీద ఈడుస్తున్నట్టు ఉంది. మధ్యలో గాలి పోతోంది. "ఆ" సగంలో తెగింది. మళ్ళీ మొదలుపెట్టారు. "ఈ" రాలేదు. "ఊ" వచ్చింది. తర్వాత మాటలు. నీళ్ళు. నాలుగు. నేల. టీచరమ్మ "శభాష్, ఇంకోసారి" అన్నప్పుడల్లా ఇంకోసారి. నేను ఏడవలేదు. ఏడిస్తే ముక్కు చీదుకోవాలి, చీదితే అవతలికి వినిపిస్తుంది. అందుకని ఏడవలేదు.

పాఠం అయిపోయినట్టు తెలిసింది. తలుపు తోసుకుని ఆయన వచ్చారు. నా మొహం చూడటానికే వచ్చారు. నేను దాన్ని దాచుకోలేదు, సర్దుకోలేదు. ఎలా ఉందో అలాగే చూడనిచ్చాను.

గ్లాసు తీసుకుని నీళ్ళు తాగారు. వెళ్ళిపోతూ, "లే," అన్నారు. "నేల చల్లగా..."

మిగతాది గాలిలో పోయింది. పీట మీదే ఉన్నానుగా, చల్లదనం ఎక్కడిది అని వాదించాను. ఆయన చెయ్యి విసిరి వెళ్ళిపోయారు.

మార్చి 22, శనివారం

కంప్యూటర్ శుభ్రం చేశాను. చిన్న బ్రౌజరు ఉంచాను. పాఠానికి నీలందాని పాత రకం, మా తిట్లకి అక్షరాలది. అంతే. మిగతావన్నీ పీకేశాను. "మమ్మల్ని ఎందుకు వదిలి వెళ్తున్నారు" అంటే ఈసారి కారణం కూడా చెప్పలేదు.

మార్చి 23, ఆదివారం

సర్వజ్ఞుడు వచ్చాడు. చేతిలో పెన్ డ్రైవు, మొహాన వెలుగు.

"వదినా, దీంతో నీ కష్టాలు తీరిపోయినట్టే. కొత్తది. మనం కొడితే అదే చదివి వినిపిస్తుంది. అన్నయ్య ఇక నోరు తెరవాల్సిన పనే లేదు. గొంతు కూడా మనమే ఎంచుకోవచ్చు, మంచి గంభీరమైన గొంతులున్నాయి. ఫ్రీ!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమయ్యా అని నేను మొదలుపెట్టేలోపు, కిటికీ దగ్గర పేపరు చూస్తున్న ఆయన తలెత్తారు.

"వద్దురా," అన్నారు.

మరిది పెన్ డ్రైవు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"కూర్చో," అన్నారాయన. కాస్త ఆగి, ఊపిరి తీసుకుని, "టీ... తాగు," అన్నారు. మళ్ళీ పేపరు చూసుకున్నారు.

నేను మరిది మొహం చూశాను. రెండు నెలల కిందట నా మొహం ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది. కానీ అతని కాలు వెనక్కి పోలేదు. ఎటూ కదల్లేక నిలబడిపోయాడు. టీ పెట్టాలి అంటూ అతన్ని నా వెంట వంటింట్లోకి లాక్కొచ్చాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతనికి ఏం చెప్పాలో తెలియలేదు. కళ్ళు తుడుచుకున్నాడు, షర్టు చేతికే.

"వదినా," అన్నాడు చిన్నగా, "అది అన్నయ్య గొంతేనా?"

"అవును," అన్నాను. "అదే మీ అన్నయ్య గొంతు."